పని చేతిలో ఉంది, కాగితం ఎవరి చేతిలో?

గాలివానకు చెట్టు కూలి లైను తెగితే డుంబ్రిగుడ వైపు స్తంభం ఎక్కేది ఆ కుర్రాడే. ఒక కాంట్రాక్టరు కింద ఎనిమిదేళ్లుగా హెల్పరు. తీగ లాగడం, ఫ్యూజు వేయడం, మోటారు కట్టడం అన్నీ వచ్చు. కూలి మాత్రం గొయ్యి తవ్వేవాడికి ఇచ్చినంతే. కింద నిలబడి చూసే మైదానపు మనిషికి దాదాపు రెట్టింపు. ఆయన దగ్గర ఐటీఐ కాగితం ఉంది మరి!

"కాయితం ఏటి సేత్తాదన్నా, కరెంటు కాయితం సూసి వత్తాదా?" అని నవ్వాడు నాతో. కరెంటు చూడదు తమ్ముడూ, కూలి లెక్క రాసేవాడు చూస్తాడు.

2019లో గ్రామ సచివాలయాలకు జూనియర్ లైన్‌మన్లను తీసుకున్నారు. స్తంభం ఎక్కే పరీక్ష పెట్టారు. అందులో మనవాడు ఎవరికీ తీసిపోడు. కానీ పదో తరగతితో పాటు ఐటీఐ గానీ, ఇంటర్ ఒకేషనల్ గానీ ఉండాలన్నారు. ఏడుతో బడి మానినవాడు దరఖాస్తే పెట్టలేకపోయాడు. 1955 నుంచి మాచ్‌ఖండ్ నీళ్లతో కరెంటు తీస్తున్నారు. ఆ కొండల బిడ్డ ఇంకా హెల్పరే.

మరి దారి లేదా? ఉంది. చెప్పే నాథుడే లేడు.

మొదటిది చదువు. మన రాష్ట్రంలో 1991 నుంచి ఓపెన్ స్కూలు ఉంది. పద్నాలుగేళ్లు నిండినవారు నేరుగా పదో తరగతికి పేరు నమోదు చేసుకోవచ్చు. అన్ని సబ్జెక్టులూ ఒక్కసారే పాసవ్వాలని లేదు, ఐదేళ్లలో విడివిడిగా గట్టెక్కవచ్చు. ఐదో తరగతితో బడి మానిన నేను, పగలు కూలి, రాత్రి పుస్తకంతో ఇరవై ఏడో ఏట పది పాసయ్యాను. లెక్కలు రెండుసార్లు తప్పాను. సిగ్గుపడలేదు.

రెండోది పని. ఐటీఐలో చేరనివాళ్లు కూడా అఖిల భారత ట్రేడు పరీక్ష రాయవచ్చు. ఆ పనిలో కనీసం మూడేళ్ల అనుభవం చూపితే ప్రైవేటు అభ్యర్థిగా తీసుకుంటారు. వైర్‌మన్, వెల్డరు, ప్లంబరు, వడ్రంగం వంటి వాటికి ఎనిమిదో తరగతి చాలు. ఎలక్ట్రీషియన్‌కు, ఫిట్టరుకు పది కావాలి.

2015లో కౌశల్ వికాస్ యోజన వచ్చాక, ముందే నేర్చిన పనికి గుర్తింపు ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. కొద్ది గంటల శిక్షణ, ఒక పరీక్ష, సర్టిఫికెట్. మంచిదే. కానీ ఐటీఐ అడిగే ఉద్యోగానికి అది సరిపోదు. ఫొటో దిగి, అంతా అయిపోయిందనుకోవద్దు.

అసలు ముడి ఎక్కడుంది? అనుభవ పత్రం దగ్గర. "వీడు మూడేళ్లు నా దగ్గర చేశాడు" అని రాస్తే ఆ మూడేళ్ల మస్టరు, పీఎఫ్, బీమా సంగతి ఎవరైనా అడుగుతారని కాంట్రాక్టరు భయం. అందుకే ఇవాళ, రేపు అని తిప్పుతాడు. మా కుర్రాణ్ణి ఆరు నెలలు తిప్పించారు. చివరికి పదిమందిమి వెళ్లి గుమ్మంలో కూర్చుంటే గానీ సంతకం పడలేదు.

కాబట్టి పనిలో చేరిన రోజు నుంచే తేదీ, చోటు, పని పేరు నోట్‌బుక్కులో రాసుకోండి. కూలి బ్యాంకులోనో ఫోన్‌లోనో పడితే ఆ లెక్క దాచుకోండి. ఏ కాగితాలు చెల్లుతాయో ఐటీఐకి పోయి ముందే అడగండి. చేతి పని వచ్చినంత మాత్రాన పరీక్ష దాటలేం, లెక్కలు, డ్రాయింగు కూడా ఉంటాయి. ఇంట్లో కువీ, సంతలో ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లవాడికి పుస్తకంలో మాటే కొత్త. ఐటీఐ చదివిన యువకుడు ఊరికి ఒక్కడున్నా చాలు, రాత్రిపూట నలుగురిని కూర్చోబెట్టి చెప్పగలడు. ఆ ఏర్పాటు సంఘం చెయ్యాలి.

ఇది ఉద్యోగం సంగతే కాదు. స్తంభం మీంచి జారిపడిన రోజున ఏ రిజిస్టరులోనూ పేరు లేకపోతే, ఆ ఇల్లాలు నష్టపరిహారం ఎవరిని అడగాలి?

మనవాడు ఈసారి ఓపెన్ స్కూలులో ఫీజు కట్టాడు. పొద్దున స్తంభం, రాత్రి పుస్తకం. మీ ఊళ్లో ఇలాంటివాళ్లు ఎందరో లెక్క రాయండి. ఆ జాబితాతోనే పని మొదలవుతుంది.