తెర నల్లబడితే తప్పు తెరదేనా?

ఏరా అబ్బాయ్, ఇలా వచ్చి కూర్చో. అమ్మాయ్, నువ్వూ రా. భాగాలన్నీ విడివిడిగా కొనుక్కొచ్చి ఇంట్లోనే బిగించుకున్న కంప్యూటర్ గురించి ఇవాళ్టి కబురు. మన నరసరావుపేటలో ఇంజనీరింగు చదివే పిల్లలకు ఇది బాగా అక్కరకొచ్చే సంగతి. అసెంబుల్డ్ కంప్యూటర్‌లో ఏ భాగం చెడితే ఆ భాగాన్నే మార్చుకోవచ్చు, అదొక సుఖం. కాకపోతే మొత్తం పెట్టెకు పూచీపడే కంపెనీ ఉండదు. ఎక్కడ చెడిందో కనిపెట్టే పని మనమీదే పడుతుంది. ఆ పని సైన్సు చేసే పనే, అందుకే చెబుతున్నాను.

స్విచ్చు నొక్కారు. ఫ్యాన్లు తిరిగాయి, లోపల దీపాలు వెలిగాయి, మానిటర్ మీద మాత్రం ఏమీ రాలేదు. "మానిటర్ పోయింది తాతయ్యా" అనేస్తారు వెంటనే. ఎందుకంటే కంటికి కనబడేది అదొక్కటే. కానీ బొమ్మ పుట్టేది తెరలో కాదు. ప్రాసెసర్ లెక్క కడుతుంది, గ్రాఫిక్స్ చిప్పు ఆ లెక్కను చుక్కలుగా మారుస్తుంది, ర్యామ్ వాటికి చోటిస్తుంది, కేబుల్ మోసుకెళుతుంది, ఆ తర్వాతే తెర చూపిస్తుంది. ఈ దారిలో ఎక్కడ తెగినా తెర నల్లగానే ఉంటుంది.

ఆ దారిలో ఎంత సరుకు నడుస్తుందో చూడండి. ఇళ్లలో ఎక్కువగా వాడే ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చిన్న గదులు. చుక్క ఒక్కింటికి 24 బిట్ల సమాచారం కావాలి. తెర సెకనుకు 60 సార్లు కొత్త బొమ్మ వేసుకుంటుంది. ఈ మూడింటినీ గుణిస్తే సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు ఆ కేబుల్లో పరుగెత్తాలి. ఇంత రద్దీలో ఒక్క పిన్ను వదులైనా బొమ్మ తడబడుతుంది, లేదా అసలే రాదు.

మరి తప్పు ఎక్కడుందో పట్టేదెలా? శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభలు చూశారుగా. ఊరూరి నుంచీ కట్టుకొచ్చిన అంతెత్తు ప్రభల నిండా రంగురంగుల బల్బులు, వెనకాలే జనరేటరు. ప్రభ మొత్తం ఒక్కసారే ఆరిపోతే బల్బులన్నీ ఒకేసారి మాడాయని ఎవరూ అనుకోరు, జనరేటరు దగ్గరికి పరుగెడతారు. ఒక్క వరసే ఆరితే ఆ వరస తీగ చూస్తారు. బల్బులన్నీ వెలుగుతున్నా పువ్వు విచ్చుకోవాల్సిన చోట గజిబిజిగా మెరుస్తుంటే, ఆటాడించే పెట్టెను చూస్తారు. కంప్యూటర్ తెరకూ అదే తర్కం. తెరంతా చీకటైతే కరెంటో, సిగ్నలో, తెర వెనక దీపమో. నిలువుగా ఒకే చోట గీత నిలిచిపోతే తెర ప్యానెల్లోనే లోపం. బొమ్మ వస్తూ రంగురంగుల మచ్చలు, చెదిరిన గళ్లు కనిపిస్తుంటే గ్రాఫిక్స్ కార్డు మీద అనుమానం పెట్టుకోవాలి.

ఇక మొదటి పరీక్ష. పైసా ఖర్చు లేదు. కంప్యూటర్ నుంచి వచ్చే కేబుల్‌ను మానిటర్ దగ్గర పీకేసి, మానిటర్ ఒక్కదాన్నే ఆన్ చేయండి. చాలా మానిటర్లు "నో సిగ్నల్" అనో, కేబుల్ చూసుకోమనో ఒక మాట చూపిస్తాయి. ఆ అక్షరాలు కనబడ్డాయంటే ప్యానెలూ, దాని వెనక దీపమూ, దాని కరెంటూ బాగున్నట్టే. ఒక్క నిమిషంలో సగం దారి శుభ్రంగా ఉందని తేలిపోయింది. తర్వాత మానిటర్ బటన్లతో ఇన్‌పుట్ ఏది ఎంచుకుని ఉందో చూడండి. కేబుల్ హెచ్‌డీఎమ్ఐలో ఉండి, మానిటర్ వీజీఏ కోసం ఎదురుచూస్తుంటే ఎన్నాళ్లయినా బొమ్మ రాదు.

రెండో పరీక్ష కీబోర్డుతో. కంప్యూటర్ ఆన్ చేసి కాసేపాగి నమ్ లాక్ నొక్కండి. నొక్కిన ప్రతిసారీ ఆ చిన్న దీపం వెలిగి ఆరుతుంటే, లోపల కంప్యూటర్ మేలుకునే ఉంది, బొమ్మ మాత్రమే బయటికి రావడం లేదు. దీపం కదలకపోతే కంప్యూటర్ అసలు లేవనే లేదేమోనని చూడాలి. ఈ రెండు పరీక్షలూ కలిస్తే వెతకాల్సిన చోటు ఎంతో తగ్గిపోతుంది.

"తాతయ్యా, మానిటర్ ఆన్‌లోనే ఉంది, 'నో సిగ్నల్' అన్న మాట కూడా రాలేదు. అప్పుడో?" మంచి ప్రశ్న. దానికి తెర ఎలా పనిచేస్తుందో తెలియాలి. 1888లో ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త, క్యారెట్ నుంచి తీసిన కొలెస్టరాల్ పదార్థం ఒకదాన్ని వేడిచేస్తుంటే అది రెండుసార్లు కరిగినట్టు కనబడింది. 145 డిగ్రీలు దాటగానే మసకమసకగా ద్రవమైంది, 178 దాటాక తేటపడింది. మధ్యలో ఉన్న ఆ మసక స్థితే ద్రవ స్ఫటికం, లిక్విడ్ క్రిస్టల్. ద్రవంలా పారుతుంది, అయినా దాని అణువులు స్ఫటికంలో మాదిరి ఒక వరసలో నిలబడతాయి. 1968లో అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థలో జార్జ్ హైల్మయర్ బృందం దాంతో డిస్‌ప్లే చేసి లోకానికి చూపించింది. మన దేశంలో 1977లో బెంగుళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ బృందం బిళ్లల ఆకారపు అణువులతో కొత్త రకం ద్రవ స్ఫటికాలను కనిపెట్టింది. అంతదూరం దేనికి, మన గుంటూరు పక్కనే ఉన్న నాగార్జున విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పిసిపాటి లాంటివాళ్లు ద్రవ స్ఫటికాల మీదే పరిశోధనలు చేశారు. మీరు రోజూ చూసే తెర వెనకున్న శాస్త్రం మన జిల్లాల దాకా వచ్చిందన్నమాట.

ఈ ద్రవ స్ఫటికం తనంతట తాను వెలగదు. వెనకనుంచి ఎల్ఈడీ దీపం వెలుగుతూనే ఉంటుంది. ముందూ వెనకా ఉన్న రెండు పోలరైజర్ పలకల మధ్య ఈ అణువులు వెలుతురును మెలితిప్పి పంపడమో, ఆపడమో చేస్తాయి. ఎంత మెలితిప్పాలో వోల్టేజి చెబుతుంది. అందుకే వెనక దీపం మాడిపోతే బొమ్మ ఉండి కూడా కనబడదు. పీకిన కేబుల్ మళ్లీ పెట్టి, కంప్యూటర్ ఆన్ చేసి, గదిలో లైటు తీసేసి, సెల్‌ఫోన్ టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టి చూడండి. విండోస్ బొమ్మలు సన్నగా, నీడల్లా కనబడితే బొమ్మ వస్తున్నట్టే, దీపమే పోయినట్టు. ఆ రిపేరు మానిటర్ బాగుచేసేవాళ్లది. కంప్యూటర్‌ను విప్పాల్సిన పనే లేదు.

మానిటర్ బాగుందని తేలితే ఇక పెట్టె విప్పాలి. దానికి ముందు ఒట్టు పెట్టించుకుంటాను, వినండి. గోడ దగ్గర స్విచ్చు ఆపడమే కాదు, ప్లగ్గు పీకేయాలి. తర్వాత పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. క్యాబినెట్ లోహాన్ని చేత్తో ఒకసారి తాకాలి. మన ఒంట్లోని స్థిర విద్యుత్తు చేతికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు ఉండాలి, చిప్పులు చెడడానికి అంతకంటే ఎంతో తక్కువ చాలు. మనకు తెలియకుండానే వాటిని చంపేయగలం. ఇక భాగాలన్నిటికీ కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్ పెట్టెను ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. మన 230 వోల్టుల కరెంటు అందులో దాదాపు 325 వోల్టులుగా కెపాసిటర్లలో నిలవ ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు ఉంటుంది. కరెంటున్నప్పుడు క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదని గుర్తు. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇప్పుడు లోపలికి. కొత్తగా బిగించుకున్న కంప్యూటర్లో మామూలుగా జరిగే పొరపాట్లు మూడున్నాయి. మొదటిది, కేబుల్ పెట్టే చోటు. గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి, మదర్‌బోర్డుకు కాదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో బొమ్మ గీసే భాగమే పనిచేయదు. మదర్‌బోర్డు మీద హెచ్‌డీఎమ్ఐ రంధ్రం ఉన్నా అక్కణ్నుంచి ఏమీ రాదు. రెండోది, ప్రాసెసర్‌కు విడిగా ఇచ్చే 4 లేదా 8 పిన్నుల కరెంటు తీగ. బోర్డు పైమూలలో ఉండే దాన్ని మరిచిపోతే ఫ్యాన్లన్నీ హాయిగా తిరుగుతాయి, బొమ్మ మాత్రం రాదు. మూడోది, గ్రాఫిక్స్ కార్డుకు కరెంటు. మదర్‌బోర్డు మీద ఆ కార్డు దిగే స్లాటు ఇవ్వగలిగేది 75 వాట్లే. పెద్ద కార్డుకు పైనుంచి 6 పిన్నుల తీగతో ఇంకో 75, 8 పిన్నుల తీగతో 150 వాట్లు అందాలి.

ఈ మూడూ సరిగ్గా ఉంటే ర్యామ్. పాత కంప్యూటర్లలో ఇదే మామూలు దొంగ. దుమ్మూ, చెమ్మా, వేలి జిడ్డూ చేరి బంగారు పూత పట్టీల మీద సన్నని పొర కడుతుంది. ర్యామ్ తీసి, మెత్తని తెల్ల రబ్బరుతో పట్టీలను నెమ్మదిగా తుడిచి, పొడి దులిపేసి, రెండు చివర్లా టిక్కుమనేదాకా నొక్కి పెట్టాలి. గట్టిగా రుద్దితే బంగారు పూతే పోతుంది, పూత చాలా పలచన. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే అది ఇంకా మేలు. రెండు ర్యాములుంటే ఒక్కటే పెట్టి చూడండి, తర్వాత రెండోది, తర్వాత స్లాటు మార్చండి. ఇంకొక మాట. డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త బోర్డు, మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఆ ర్యామ్‌తో వేగం కుదుర్చుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. ఓపిక పట్టకుండా మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది.

మదర్‌బోర్డు కూడా తన బాధ తాను చెప్పుకుంటుంది. ఆన్ కాగానే అది తన భాగాలన్నిటినీ వరసగా పరీక్షించుకుంటుంది. పాత బోర్డుల్లో చిన్న స్పీకరు కూత పెట్టేది. ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వస్తే చాలా బోర్డుల్లో గ్రాఫిక్స్ తేడా అని అర్థం. ఇప్పటి బోర్డుల్లో చాలావాటి మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అనే నాలుగు చిన్న దీపాలుంటాయి. ఏ దీపం దగ్గర ఆగిపోతే అక్కడ చూడమని. మాన్యువల్ పారేయకుండా దాచుకోమనేది అందుకే. అప్పటికీ కదలకపోతే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ, 3 వోల్టులది, తీసి కాసేపాగి పెడితే బోర్డు తన సెట్టింగులు మరిచిపోయి కొత్తగా మొదలవుతుంది.

రంగులు మారడం ఇంకో తమాషా. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ కేబుల్లో 15 పిన్నులు. మొదటి మూడూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఎరుపు పిన్ను వంగితే తెల్లటి తెర నీలి ఆకుపచ్చగా కనబడుతుంది. నీలం పిన్ను పోతే పసుపు పచ్చగా కనబడుతుంది. మిగిలిన రెండు రంగులూ కలిస్తే ఏ రంగో తెర అదే చూపిస్తోంది. రంగు చూసి పిన్ను చెప్పేయొచ్చు!

మొదట కంపెనీ గుర్తు కనబడి, విండోస్ వచ్చే వేళకు తెర ఆరిపోతే ఇనుముకూ తీగకూ దోషం తక్కువ, సాఫ్ట్‌వేర్ తగాదా ఎక్కువ. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. అప్పటికీ రాకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డ్రైవర్ తీసి మళ్లీ వేయాలి.

మన పల్నాడు సంగతీ మరవకూడదు. రెంటచింతల ఎండ రాష్ట్రమంతటికీ తెలుసు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలూ, సిమెంటు ఫ్యాక్టరీలూ, ఎర్రటి ఎండాకాలపు గాలీ కలిసి దుమ్ముకు కొదవ లేదు. దుమ్ము పట్టిన హీట్‌సింకు వేడిని వదలదు. ఆట మొదలెట్టిన అరగంటకు తెర మచ్చలు పడి, చల్లారాక మళ్లీ బాగా పనిచేస్తే అది వేడి పనే. ఎండాకాలం ముందర ఒకసారి బ్లోయరుతో దుమ్ము కొట్టేయండి. గాలికి ఫ్యాను గిర్రున తిరక్కుండా వేలితో ఆపి పట్టుకోవాలి. క్యాబినెట్‌ను గోడకు ఆనించి పెట్టొద్దు, వేడిగాలి బయటికి పోయే చోటుంచండి.

ఇన్ని చెప్పాను, అన్నిటికన్నా పెద్ద సూత్రం మాత్రం ఒక్కటే. ఒకసారికి ఒక్కటే మార్చండి. కేబుల్ మార్చి, ర్యామ్ తుడిచి, బ్యాటరీ తీసి, అన్నీ ఒకే ఊపున చేసేస్తే బొమ్మ రావచ్చు. కానీ ఏది చెడిందో మీకు తెలియదు. రేపు మళ్లీ ఆగినప్పుడు మళ్లీ అయోమయమే. ప్రయోగశాలలో శాస్త్రవేత్తలు చేసేదీ ఇదే. మిగిలినవన్నీ అలాగే ఉంచి ఒక్కదాన్ని కదిలించి, ఏమైందో రాసుకుంటారు. మీరూ ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఏం చేశాను, ఏం జరిగింది. "నిన్నటిదాకా బాగానే ఉందా? నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారింది?" అన్న ప్రశ్నతో మొదలెట్టండి.

అప్పటికీ దొరక్కపోతే షాపుకు తీసుకెళ్లడంలో చిన్నతనమేమీ లేదు. ఆ నోటుబుక్కు కూడా పట్టుకెళ్లండి. మెకానిక్కు మీరు చూసినవి మళ్లీ చూడాల్సిన పని తప్పుతుంది. ఏది బాగుందో మీకు ముందే తెలుసు గనక బాగున్న భాగానికి డబ్బు పోయాల్సిన పనీ తప్పుతుంది.