సంపీడ్య వాయుప్రవాహ గణనలో దూరపు హద్దులు

విమానపు రెక్క చుట్టును ప్రవహించు గాలికి ప్రకృతిలో ప్రహరి లేదు. కంప్యూటరు మాత్రము అనంతాకాశమును తనలో నిలుపుకొనజాలదు. కావున గణకుడు రెక్కకు కొంతదూరమున కల్పితమైన హద్దునొకదానిని గీచి, దానిలోపలనే సమీకరణములను సాధించును. ఆ హద్దుపై ఏ విలువలను విధింపవలెను, వేనిని లోపలి ప్రవాహమునకే విడువవలెను అనునది ముఖ్యమైన ప్రశ్న.

దీనికి సమాధానము తరంగముల నడకయందు కలదు. త్రిపరిమాణ ప్రవాహమున హద్దును దాటు సమాచారములు అయిదు. వానిలో మూడు గాలితోడనే సాగును. ఒకటి గాలివేగమునకు ధ్వనివేగమును కూడినంత వేగముతోను, మరియొకటి తీసివేసినంత వేగముతోను నడచును. ధ్వని సెకనుకు 340 మీటర్లు, గాలి హద్దునకు లంబముగా 272 మీటర్లు పోవుచున్నచో ఈ వేగములు 272, 612, -68 అగును. చివరిది ప్రవాహమున కెదురు నడచునది. కనుక గాలి ప్రవేశించుచోట నాలుగు విషయములను వెలుపలినుండి విధించి, ఒకదానిని లోపలినుండి గైకొనవలెను. వెడలుచోట ఒకటి మాత్రమే విధింపవలెను. గాలి ధ్వనిని మించినచో ప్రవేశమున అయిదును విధింపవలెను, నిష్క్రమణమున ఒకటియు కూడదు. ఈ లెక్క తప్పినచో బయటికి పోవలసిన తరంగము గోడను తాకిన బంతివలె వెనుకకు మరలి ఫలితమును చెఱచును.

ఆచరణమున రీమాన్ 1860లో ప్రకటించిన సిద్ధాంతము తోడ్పడును. గాలి విషయమున వేగమునకు ధ్వనివేగపు అయిదురెట్లు కూడిన రాశి ఒకటి, తీసివేసిన రాశి వేరొకటి. ధ్వనికన్న మందమైన ప్రవాహమున వీనిలో ఒకటి లోపలినుండియు, ఒకటి వెలుపలినుండియు హద్దును చేరును. వాని మొత్తములో సగము హద్దుపై వేగము. వాని భేదములో పదియవ వంతు ధ్వనివేగము.

అయినను ఒక చిక్కు మిగులును. గాలిలో తేలు రెక్క తనచుట్టును సుడిని కల్పించును. ద్విపరిమాణ గణనలో ఆ సుడివేగము దూరమునకు విలోమముగా మాత్రమే తగ్గును. ఉత్థాపక గుణకము 1 అయినచో, రెక్క వెడల్పునకు 20 రెట్లు దూరమునను అది గాలివేగములో సుమారు 0.4 శాతముండును. అచ్చట కలతలేని గాలిని విధించుట అసత్యమును విధించుటయే. 1986లో థామస్, సలాస్ అనువారు ఈ సుడిప్రభావమును హద్దు విలువలకు కలుపు పద్ధతిని ప్రకటించిరి. దానివలన హద్దు దగ్గరగా నున్నను ఫలితము నిలుచును.

హద్దును రెట్టింపు దూరమునకు జరిపి మరల గణించుట ఉత్తమ పరీక్ష. ఉత్థాపనము, నిరోధము మారినచో అవి రెక్క గుణములు మాత్రమే కావు. గీచిన గీత గుణములును వానిలో కలిసియున్నవి.