పెరటి మామిడికి వార్ధక్యం వస్తే...

ఇంటి పెరట్లోని చెట్టు ఆ ఇంటి పెద్దలలో ఒకటి. ఒక్క వృక్షం పదిమంది పుత్రులతో సమానమని మత్స్యపురాణం కీర్తించింది. గుమ్మానికి తోరణాన్ని, కలశానికి పల్లవాలను, ఉగాది పచ్చడికి వగరును ఏళ్ళ తరబడి ఇచ్చిన మామిడి కాపు తగ్గి, కొమ్మలు ఎండిపోతున్నప్పుడు గృహస్థు ధర్మమేమిటి?

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఒకప్పుడు పల్లెలు. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట ఇక్కడ గజం నేల కూడా బంగారమైంది. పాత లోగిళ్ళ స్థానంలో అంతస్తులు లేచాయి. మిగిలిన పెరళ్ళలోని ముసలి చెట్టును కొట్టించడానికి మంచిరోజు చెప్పమని అర్చకులను అడిగేవారున్నారు. ముహూర్తం కంటే ముందు అడగవలసింది చికిత్సను గురించి.

6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. చలి, గాలి, ఎండల వలన చెట్టుకు రోగం వస్తుందనీ, ఆకులు పాలిపోవడం, చిగుళ్ళు ఎదగకపోవడం, కొమ్మలు శుష్కించడం, రసం కారడం దాని లక్షణాలనీ చెప్పాడు. మొదట శస్త్రంతో చెడిన భాగాన్ని శోధించి, వాయువిడంగాలు, నెయ్యి, మట్టి కలిపి పూసి, పాలు కలిపిన నీటితో తడపమన్నాడు.

నేటి ఉద్యానశాస్త్రం చెప్పే క్రమమూ ఇటువంటిదే. ఎండుకొమ్మలను పచ్చి భాగం వరకు నున్నగా కోయాలి. కోసినచోట కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీటితో చేసిన బోర్డో పేస్టు పూయాలి. కాండం తొలిచే పురుగు రంధ్రాలను తీగతో శుభ్రపరచి, పెట్రోలులో ముంచిన దూది పెట్టి, బంకమట్టితో మూయాలి. మొదలు చుట్టూ పరచిన సిమెంటును తొలగించి వేళ్ళకు గాలి, వాననీరు అందనివ్వాలి. ఎరువును మొదట్లో కాక, కొమ్మల నీడ అంచున వేయాలి.

వృద్ధవృక్షం కోలుకోగలదనడానికి మహబూబ్‌నగర్ సమీపంలోని పిల్లలమర్రి నిదర్శనం. సుమారు 700 ఏళ్ళదని చెప్పే ఆ మర్రిని చెదలు తొలిచాయి. 2017 డిసెంబరులో పెద్దకొమ్మ విరిగిపడింది. అధికారులు సందర్శకులను ఆపి, 2018లో చెదలమందును పలుచన చేసి సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా ఎక్కించారు. వాలిన కొమ్మలకు ఊతలు నిలిపారు. అయితే మనం పండ్లు తినే చెట్టుకు అటువంటి మందులు సొంతంగా ఎక్కించరాదు.

చెట్టు పూర్తిగా ఎండి ఇంటిమీద ఒరిగితే తొలగించడం దోషం కాదు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ముందుగా అనుమతి పొందాలి. ప్రతిమకై చెట్టును కోసేటప్పుడు సైతం పూజించి, అందు నివసించే భూతాలను మరొక చోటికి వెళ్ళమని ప్రార్థించాలని బృహత్సంహితయే విధించింది.

ఆ అవసరం రాకముందే, చెట్టులో జీవముండగానే దాని రెమ్మతో అంటు కట్టించండి. పిల్లమొక్కలో అదే రుచి నిలుస్తుంది. తాతలు నాటిన మామిడి కాయతో మనుమలు ఉగాది జరుపుకోవడమే ఆ చెట్టుకు మనం తీర్చగల ఋణం.