పాత నాణెము దొరికినప్పుడు

సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతమున కర్మాగారములకును, రహదారులకును నేల త్రవ్వుట నిత్యకృత్యమైనది. అట్టి త్రవ్వకములలో ప్రాచీన నాణెములు బయల్పడుట వింత కాదు. ఈ జిల్లాలోని కొండాపురమందలి దిబ్బను గ్రామస్థులు కోటగడ్డ యందురు. 1940 దశకారంభమున హైదరాబాదు సంస్థానపు పురావస్తుశాఖ పక్షమున ఖ్వాజా మహమ్మద్ అహమ్మద్ దానిని త్రవ్వించగా సుమారు 2,000 నాణెములును, నాణెములు పోతపోయు మట్టి అచ్చులును లభించినవి. ఆ నాణెములలో పెక్కు శాతవాహనులవి. వానిని కరగించి యుండినచో ఈ చరిత్ర మనకు దక్కెడిది కాదు.

నాణెమును గుర్తించుటకు పండితులు గ్రంథములను ఆశ్రయింతురు. 1908లో రాప్సన్ ప్రకటించిన బ్రిటిష్ మ్యూజియము నాణెముల పట్టిక, 1961లో మారేమండ రామారావుగారు రచించిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియము శాతవాహన నాణెముల పట్టిక ఇట్టివి. వీని చివర నాణెముల ఛాయాచిత్రములుండును.

గ్రంథమును తెరచుటకు ముందు నాలుగు విషయములు వ్రాసికొనవలెను: లోహము, గ్రాములలో తూకము, మిల్లీమీటర్లలో వ్యాసము, రెండు ముఖములపై గల గుర్తులు. శాతవాహనుల సీసపు నాణెములపై తొండమెత్తిన ఏనుగు, మూడు శిఖరముల కొండ మొదలగునవి కానవచ్చును. నాలుగు వలయములను శిలువవలె కలిపిన గుర్తును ఉజ్జయినీ చిహ్నమందురు. బొమ్మ కలిసినంతమాత్రమున నిర్ణయము చేయరాదు. తూకమును, లోహమును కూడ సరిపోవలెను.

అంచున నుండు బ్రాహ్మీ లిపి ముఖ్యము. అచ్చుకంటె బిళ్ల చిన్నదగుటచే అక్షరములు కొన్ని పడవు. శాతకర్ణి యను పేరు పెక్కురు రాజులకు కలదు. కావున గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర మొదలగు మాతృనామము చదివిననే ఏ రాజో తేలును. ఒకే రకపు నాణెములు రెండు మూడు దొరికినచో ఒకదానిపై లేని అక్షరము వేరొకదానిపై లభించును.

ఇటీవలి నాణెములకు ఇంత శ్రమ లేదు. చార్మినారు బొమ్మ గల నిజాము నాణెములలో ద్వారమధ్యమున ‘మీమ్’ అక్షరమున్నచో మహబూబు అలీఖానును, ‘ఐన్’ ఉన్నచో ఉస్మాను అలీఖానును సూచించును. వానిపై హిజ్రీ సంవత్సరము కూడ నుండును.

గ్రంథమున లేని నాణెము దొంగదని తలపరాదు. కరీంనగరు ప్రాంతపు కోటిలింగాలలో దొరికిన శాతవాహన మూలపురుషుని నాణెములు రాప్సన్ గ్రంథమున లేవు. అవి తరువాత వెలువడినవి.

పంచాయతీ సభ్యులకు మా మనవి యిది. నాణెములను చింతపండుతోగాని, ఆమ్లముతోగాని తోమనీయవలదు. తూకము తగ్గి అక్షరములు చెరిగిపోవును. ఒకచోట దొరికినవానిని పంచుకొననీయవలదు. ఒకదాని కాలమును పక్కనున్నదియే చెప్పును. సర్వే నంబరు, లోతు, తేదీ పుస్తకమున వ్రాసి వెంటనే తహసీల్దారునకు తెలుపవలెను. తోమిన నాణెమునకు అంగడిలో పలుకు వెల స్వల్పము. ఊరి చరిత్రకు కలుగు నష్టము తిరిగి పూడ్చరానిది.