ఉప్పుగాలియు, బండిరేకును



మైపాడు, కృష్ణపట్నము తీరములఁ జేపలు మోయు బండ్లఁ జూడుఁడు: పైరంగు మెఱయుచుండఁగనే యడుగురేకు జల్లెడ యగుచుండును. ఇనుము నీటితోడను, గాలిలోని ప్రాణవాయువుతోడను గూడి త్రుప్పగును. ఉప్పు నీటఁ గరఁగి విద్యుత్ప్రవాహమునకు దారి యిచ్చి యా పనిని త్వరపెట్టును. అంతేకాదు, అది గాలిలోని తేమను బీల్చును గనుక వాన లేని దినమునను రేకు చెమ్మగిలియే యుండును.

త్రుప్పుమీఁదనే రంగు పూయుట పుండుపై గంధము పూయుట. మంచినీటఁ గడిగి, యారనిచ్చి, మెఱయు లోహము కనఁబడువఱకు గీఁకి, యాలసింపక ఎపాక్సీ ప్రైమరు పూయవలెను.

ఇఁక నతుకులలో నింపు సీలెంటు. కిటికీ యద్దములకు వాడు సిలికోను చవుక యని కొందఱు దానినే కొందురు. గొట్టము మూఁత దీయఁగనే వెనిగారువంటి పుల్లని వాసన వచ్చెనేని, దానిని రేకునకుఁ దాఁకింపకుఁడు. గట్టిపడునపుడు దానినుండి వెడలు నామ్లమే యినుమును దినును. పైగా సిలికోనుపై రంగు నిలువదు. బండ్లకుఁ బాలియురెథేను సీలెంటు తగును; అదియుఁ బ్రైమరు పూసి యారిన యతుకునందే.

నా పూర్వశిష్యుఁ డొకఁడు నీరు చొరకుండుటకై తలుపుల క్రింది సన్నరంధ్రములఁ గూడ శ్రద్ధతో మూసివేసెను. అవి లోని నీరు జాఱుటకై యుంచినవి! తలుపులు లోపలినుండి తినివేయఁబడినవి. రంధ్రములు తెఱచియే యుండవలెను.

బండి యడుగుభాగమును దఱచు మంచినీటఁ గడుగుఁడు. తీరమున బోరునీరు పెక్కుచోట్ల నుప్పనిది; ముందుగా నాలుకపై నొక చుక్క వేసి చూచుకొనుఁడు.