చుక్క బందరు దగ్గర పడింది... పక్షి మాత్రం కొల్లేట్లో ఉంది!

ఈ ఎపిసోడ్‌లో మ్యాప్ మీద చుక్కల గురించి మాట్లాడుకుందాం. ఒక పక్షి ఎక్కడెక్కడ కనిపించిందో వందల లొకేషన్లు మన చేతిలో ఉన్నాయి. "ఇంతకీ ఇది ఉండేదెక్కడ?" అంటే జవాబు ఎలా తీయాలి? రెండు పనులున్నాయి. ఒకటి గడులు గీయడం, అంటే గ్రిడ్డింగ్. రెండోది మధ్య బిందువు కనుక్కోవడం, అంటే సెంట్రాయిడ్.

మన కొల్లేరు గూడబాతుల్నే తీసుకుందాం, అదే పెలికాన్లు. కైకలూరు దగ్గర ఆటపాకలో ఇవి గూళ్ళు కడతాయి, మీలో చాలామంది చూసే ఉంటారు. జనం ఈబర్డ్, ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లలో పెట్టిన రికార్డులు జీబిఫ్ అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో వరుసలో జాతి పేరు, తేదీ, అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. ల్యాప్‌టాప్ లేకపోయినా పర్లేదు. ఫోన్ బ్రౌజర్‌లో గూగుల్ కోల్యాబ్ తెరిచి, పైథాన్‌లో జియోపాండాస్ వాడుకోవచ్చు.

ముందుగా డిగ్రీల్ని మీటర్లలోకి మార్చాలి. ఎందుకంటే మన దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లు, ఒక డిగ్రీ రేఖాంశం మాత్రం దాదాపు 107. డిగ్రీల్లో గీస్తే గడి చతురస్రం అవ్వదు. కృష్ణా డెల్టా మొత్తం యూటీఎం 44 ఉత్తర జోన్‌లోకి వస్తుంది, దాని కోడ్ 32644. మార్చడానికి ఒక్క లైను చాలు.

ఇప్పుడు గడి. 5 కిలోమీటర్ల గడి కావాలంటే మీటర్లని 5000తో భాగించి, దశాంశాలు తీసేయడమే. ఆటపాక వైపు ఒక చుక్క తూర్పు విలువ 5,21,300 అనుకోండి. భాగిస్తే 104.26, అంటే 104. ఉత్తరం విలువ 18,33,200 అయితే 366. ఆ చుక్క గడి పేరు 104-366. అంతే!

దీనివల్ల లాభం ఏంటి? ఆదివారం ముప్పై మంది ఒకే గుంపుని ఫొటో తీసి పెడితే ముప్పై వరుసలు వస్తాయి. పక్షులు పెరగలేదు, ఫోన్లు పెరిగాయి. ఒక గడికి ఒక నెలలో ఒక్క రికార్డే ఉంచితే ఈ గోల తగ్గుతుంది.

ఇక సెంట్రాయిడ్. అన్ని తూర్పు విలువల సగటు, అన్ని ఉత్తరం విలువల సగటు తీస్తే వచ్చే బిందువు అది. లెక్క కోసం ఇలా అనుకుందాం: ఆటపాకలో 90 రికార్డులు, హంసలదీవి వైపు 10. నేరుగా సగటు తీస్తే బిందువు ఆటపాక నుంచి పదోవంతు దూరమే జరుగుతుంది. గడులు చేశాక అటు మూడు, ఇటు మూడు మిగిలాయనుకోండి. ఇప్పుడు బిందువు సరిగ్గా మధ్యలో, బందరు దరిదాపుల్లో పడుతుంది! మన రికార్డుల్లో అక్కడ ఒక్క గూడబాతు కూడా లేదు.

లెక్క తప్పలేదండీ, ప్రశ్నే తప్పు. రెండు చోట్ల ఉన్నవాటికి ఒకే మధ్య ఎందుకు? అందుకే ముందు పక్కపక్క గడుల్ని గ్రూపులుగా విడగొట్టి, గ్రూప్‌బై చేసి, ఒక్కో గ్రూపుకి విడిగా సెంట్రాయిడ్ తీయాలి. నేనైతే ఆ బిందువుకి దగ్గర్లో ఉన్న నిజమైన రికార్డు కూడా పక్కనే చూపిస్తాను.

దీనికంటే పెద్ద విషయం ఖాళీ గడులు. కొల్లేరులో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యం అయింది. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. దాన్ని మూడో కాంటూరుకి తగ్గించాలా వద్దా అన్న వాదన ఏళ్ళుగా నడుస్తోంది. ఇటు చెరువుల మీద బతికే ఊళ్ళు, అటు పక్షులు. అలాంటి చోట "ఈ గడిలో చుక్క లేదు, కాబట్టి పక్షి లేదు" అనేస్తే చాలా ప్రమాదం. ఎవరూ వెళ్ళి చూడని గడి కూడా ఖాళీగానే కనిపిస్తుంది కదా! అందుకే ఆ గడిలో వేరే ఏ పక్షి రికార్డులైనా ఉన్నాయేమో చూడండి. ఉండి, గూడబాతు లేకపోతే సున్నాకి దగ్గర. అసలు ఏ రికార్డూ లేకపోతే "తెలీదు". సున్నాకి ఒక రంగు, తెలీదుకి ఇంకో రంగు వేయండి.

చివరిగా ఒక జాగ్రత్త. కృష్ణా అభయారణ్యం మడ అడవుల్లో ఫిషింగ్ క్యాట్ ఉంది, నీళ్ళలో చేపలు పట్టే పిల్లి. ఇలా ముప్పులో ఉన్న జాతుల లొకేషన్‌ని ఐనాచురలిస్ట్ కావాలనే మసక చేస్తుంది. 0.2 డిగ్రీల గడిలో, అంటే సుమారు 22 కిలోమీటర్ల గడిలో, ఎక్కడో ఒకచోట చుక్క పెడుతుంది. దాన్ని 5 కిలోమీటర్ల గడిలో వేస్తే అర్థమే లేదు. అనిశ్చితి కాలమ్ చూసి, గడి కంటే పెద్దదైతే ఆ వరుస తీసేయండి. మీకు అసలు చోటు తెలిసినా స్టేటస్‌లో పెట్టకండి, వేటగాళ్ళ దగ్గరా ఫోన్లుంటాయి.

ఈ వారం మీ ఊరి చుట్టూ 5 కిలోమీటర్ల గడులు గీసి చూడండి. "తెలీదు" అని వచ్చిన గడి ఉంటే, ఒక ఉదయం అక్కడికి వెళ్ళి, కనిపించిన పక్షులన్నీ రాసి పెట్టండి. మ్యాప్‌లో ఆ రంగు మారేది అప్పుడే. మళ్ళీ కలుద్దాం, ఉంటానండీ.