10 షిల్లింగుల జీతం, 3 పౌండ్ల పన్ను

మా ఆలయంలో తెలుగు నేర్చుకోవడానికి వచ్చే యువతీయువకులు తరచుగా ఒక ప్రశ్న వేస్తారు: తోటల్లో పనిచేసిన మన ముత్తాతలు నెలకు 10 షిల్లింగులతో ఎలా బ్రతికారు? పొదుపుగా బ్రతికారని చెప్పి మేము ఊరుకొనేవారము. ఆ సమాధానంలో సగమే నిజమున్నది.

1860 నవంబరులో మద్రాసు నుండి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది. తరువాతి కాలంలో విశాఖపట్టణం, గంజాం, గోదావరి ప్రాంతాల నుండి కూడా మనవారు నేటాల్ చెరకు తోటలకు వచ్చారు. ఒప్పందం ఐదేండ్లు. పురుషునికి మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు. ఏటేటా ఒక్కొక్కటి పెరిగి ఐదవ ఏట 14. స్త్రీలకు అందులో సగం. బియ్యం, పప్పు, ఉప్పు యజమాని కొలిచి ఇచ్చేవాడు. బియ్యానికి బదులు మొక్కజొన్న పిండి ఇచ్చిన రోజులూ ఉన్నాయి. పనికి రాకపోతే జీతంలో కోత. బట్ట, పాత్ర, పండుగ, పెండ్లి, స్వదేశంలోని తల్లిదండ్రులకు పంపవలసిన సొమ్ము, అన్నీ ఆ కొద్ది షిల్లింగుల నుండే రావాలి.

ఇక్కడ కొన్ని మాటలు నేర్చుకుందాము. ఉన్నదానిని వృథా చేయక రేపటికి నిలుపుకోవడం పొదుపు. ఉండి కూడా తాను తినక, ఒకరికి పెట్టక దాచడం పిసినారితనం. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచి, తెల్లవారి ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తింటే అది చద్దన్నం. అన్నం వార్చగా వచ్చిన నీరు గంజి. అది పిల్లలకు ఆహారం, ఉతికిన బట్టకు బిగువు. ఇంటి వెనుక జానెడు నేల ఉంటే తోటకూర, చేమదుంప వేసేవారు. ఆ చేమదుంపనే మనం జూలూవారి మాటతో మడుంబి అంటున్నాము. పొరుగింటి నుండి గిన్నెడు బియ్యం తెచ్చుకొని, తమ బియ్యం రాగానే అదే గిన్నెతో తిరిగి కొలిచి ఇవ్వడం బదులు, డబ్బయితే చేబదులు. దానికి వడ్డీ లేదు, కాగితం లేదు. అది తీర్చకుండా ఆ వాకిట మళ్లీ నిలబడడానికి మాత్రం ముఖం చెల్లేది కాదు.

ఇక మిగిలిన సగం. 1895లో నేటాల్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఆ చట్టం తరువాత వచ్చినవారు ఒప్పందం ముగియగానే మళ్లీ ఒప్పందం వ్రాయాలి, లేదా ఇండియాకు తిరిగిపోవాలి. రెండూ కాదని స్వేచ్ఛగా ఇక్కడే ఉండదలచితే మనిషికి ఏటా 3 పౌండ్ల పన్ను. పౌనుకు 20 షిల్లింగులు గనుక అది 60 షిల్లింగులు, అనగా మొదటి ఏటి జీతంలో ఆరు నెలల భాగం. 1903లో ఈ పన్నును 16 ఏండ్లు నిండిన కుమారులకు, 13 ఏండ్లు నిండిన కుమార్తెలకు కూడా విస్తరించారు. భార్యాభర్తలు, అట్టి పిల్లలు ఇద్దరు ఉన్న ఇంటికి 12 పౌండ్లు, అంటే 240 షిల్లింగులు. ఐదవ ఏటి జీతమే లెక్కవేసి, ఇంటి యజమాని ఒక్క పెన్నీ ఖర్చుచేయక దాచినా ఏడాదికి 168 షిల్లింగులే. ఇక్కడ ఏ పొదుపు పనికి వస్తుంది? ఎందరో మళ్లీ తోటకే పోయి వ్రేలిముద్ర వేశారు. 1913 సమ్మె తరువాత, 1914లో గాని ఆ పన్ను తొలగలేదు.

ఈ లెక్కను మేము తరగతి పలకపై వ్రాయడానికి ఒక కారణమున్నది. అన్నదానం పంక్తి పొడవవుతున్నదని చర్చ వచ్చినప్పుడు, మన పెద్దల పొదుపు వీరికి లేదని మాలోనే కొందరు అన్నారు. ఆ పంక్తిలో నిలబడేవారిలో అధికులు వృద్ధాప్య పింఛనుతో మనుమలను కూడా పోషిస్తున్నవారు. పింఛను నెల మొదటి వారంలో వస్తుంది. అద్దె, విద్యుత్తు, మందులు తీరేసరికి మూడవ వారం. వారి పద్దు చూడకుండానే మేము తీర్పు చెప్పాము.

ఇప్పుడు అన్నదానాన్ని నెల మొదటి ఆదివారం నుండి చివరి ఆదివారానికి మార్చాము. మూత ఉన్న డబ్బా తెచ్చుకొనండి, మిగిలిన అన్నం ఇంటికి ఇచ్చి పంపుతాము. చద్దన్నం రుచి ఎరుగని పిల్లలు ఆ రాత్రి కొంత అన్నంలో నీళ్లు పోసి ఉంచుకోవచ్చును.